పీఎఫ్ మొత్తం ఒకేసారి తీసేస్తే ట్యాక్స్ ఎంత పోతుంది? ఐదేళ్లకి 4 నెలలు తక్కువ

నెలాఖరు జీవి:
అన్నలూ ఒక డౌటు. మొదటి కంపెనీలో 3 ఏళ్లు చేశా, వెంటనే రెండో దాంట్లో చేరి 1 ఏడాది 8 నెలలు చేసి పోయిన నెలే మానేశా. రెండు పీఎఫ్‌లు కలిపి 3 లక్షల 20 వేల దాకా ఉంది, చెల్లి పెళ్లి మాఘంలో, అందుకని మొత్తం లాగేద్దామని చూస్తున్నా. 10 శాతం కట్ అవుద్దంట, మా రూమ్మేటేమో 15జీ (ట్యాక్స్ కట్ చెయ్యొద్దని ఇచ్చే ఫామ్) పెట్టెయ్ రూపాయి కూడా పోదు అంటున్నాడు. పోతే 32 వేలే కదా, అంతేనా ఇంకేమైనా ఉందా? పాతది ఇంకా ట్రాన్స్‌ఫర్ చెయ్యలేదు, యూఏఎన్ (పీఎఫ్ నంబరు, కంపెనీ మారినా మారదు) ఒకటే.

లెక్కల పిచ్చోడు:
అంతే కాదు బ్రో, అందరూ పడేది ఇక్కడే. ఆ 10 శాతం టీడీఎస్ మాత్రమే, అంటే డబ్బు చేతికిచ్చే ముందే పట్టుకునేది, అసలు ట్యాక్స్ కాదు. ఐదేళ్లలోపు తీసి, మొత్తం 50 వేలు దాటితే ముందే పట్టుకుంటారు, పాన్ లింక్ లేకపోతే 20 శాతం. తర్వాత రిటర్న్‌లో కంపెనీ వేసిన వాటా, దాని మీద వడ్డీ జీతం కింద చూపించాలి, నీ వాటా మీద వడ్డీ ఇతర ఆదాయం కింద, పాత రెజీమ్‌లో నీ వాటాకి 80సీ (పొదుపు మీద ట్యాక్స్ మినహాయింపు) వాడుకుని ఉంటే ఆ మినహాయింపు కూడా వెనక్కి పోద్ది. నువ్వు 30 శాతం శ్లాబులో ఉన్నోడివైతే 32 వేలతో ఆగదు.

వడ్డీ బాధితుడు:
15జీ సంగతి నన్నడుగు 😀 నేనూ ఎవరో చెప్పారని పెట్టా, ఒక్క రూపాయి కట్ కాలేదు, పండగ చేసుకున్నా. ఆ ఏడాది మొత్తం ఆదాయం మీద ట్యాక్స్ సున్నా అయ్యేవాళ్లే అది ఇవ్వాలంట, నాకేమో అప్పటికే ఎనిమిది నెలల జీతం వచ్చి ఉంది. తర్వాత నోటీసు, ట్యాక్స్‌తో పాటు వడ్డీ కూడా కట్టా. ఫామ్ మీద సంతకం పెట్టేది మనం, రూమ్మేట్ కాదు.

నెలాఖరు జీవి:
వామ్మో. వచ్చే నెల గచ్చిబౌలిలో కొత్త దాంట్లో చేరుతున్నా, మరి ఇప్పుడేం చెయ్యమంటారు?

లెక్కల పిచ్చోడు:
ఈ ముక్క ముందే చెప్పాల్సింది కదయ్యా! అయితే అసలు తియ్యకు. ఐదేళ్లంటే ఒకే కంపెనీలో అని కాదు, పాత బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ చేస్తే పాత సర్వీసు కూడా కలుస్తుంది, 3 ఏళ్లు, 1 ఏడాది 8 నెలలు, కొత్త దాంట్లో ఇంకో 4 నెలలు, ఐదేళ్లు నిండినట్టే. ఖాళీగా ఉన్న నెల మాత్రం లెక్కలోకి రాదు. యూఏఎన్ ఒకటే కదా అని ఊరుకోకు, పాస్‌బుక్‌లో రెండు మెంబర్ ఐడీల్లోనూ (ఒక్కో కంపెనీకి ఒక్కో పీఎఫ్ ఖాతా నంబరు) బ్యాలెన్స్ కనిపిస్తే డబ్బు ఇంకా విడివిడిగానే ఉన్నట్టు.

పల్నాడు పిల్ల:
పాత కంపెనీ మీరు మానేసిన తేదీ ఎక్కించిందో లేదో ముందు చూసుకోండి, అది లేకే నా ట్రాన్స్‌ఫర్ ఆగిపోయింది. చివరి జమ అయ్యి రెండు నెలలు దాటితే పోర్టల్‌లో మనమే వేసుకోవచ్చు, హెచ్‌ఆర్ కాళ్లు పట్టుకోనక్కర్లా.

నెలాఖరు జీవి:
చూశా, తేదీ ఉంది. ట్రాన్స్‌ఫర్ రిక్వెస్ట్ పెట్టేశా ఇప్పుడే. ఫంక్షన్ హాలు డబ్బులకి బాబాయిని అడగాలి ఇక, ఆయన చెప్పే క్లాసు కంటే టీడీఎస్సే నయమేమో 😅