పాత 'బేబీ' బ్రాండ్ లోలిటా డ్రెస్సును విప్పి లూజు చేయించుకోవచ్చా?

రిబ్బన్_రాణి (సైతామా, జపాన్):
అందరికీ నమస్కారం. టోక్యో హరజుకులో ఒక సెకండ్‌హ్యాండ్ లోలిటా (లేసులు, కుచ్చులతో బొమ్మలా ఉండే జపాన్ ఫ్యాషన్) షాపులో 'బేబీ, ది స్టార్స్ షైన్ బ్రైట్' బ్రాండ్ వాళ్ల జంపర్ స్కర్ట్ కొన్నాను, అంటే బ్లౌజ్ మీద వేసుకునే చేతుల్లేని గౌను. ముదురు ఎరుపు కాటన్. ఛాతీ మీదా, కింద అంచుకీ తెల్ల కాటన్ లేసు. వెనక్కి కట్టుకోవడానికి నడుముకు రెండు పొడుగాటి పట్టీలు. లేబుల్ మీద ఎలా ఉతకాలో చెప్పే పాత జపాన్ గుర్తులున్నాయి, అంటే 2016 డిసెంబరులో గుర్తులు మారకముందు కుట్టినది. లేసు కొంచెం పసుపెక్కిందని షాపువాళ్లే చీటీ మీద రాశారు, అందుకే ధర తగ్గింది.

సమస్య కొలతలు. డ్రెస్సు ఛాతీ 88, నడుము 70 సెంటీమీటర్లు. వెనక షిర్రింగ్ (సాగేలా ఎలాస్టిక్‌తో వేసే కుచ్చులు) లేదు. నా ఛాతీ 96. పక్క జిప్ సగం దాటాక కదలడం లేదు. నడుము పట్టీలు విప్పి, ఆ గుడ్డతో చంకల కింద ముక్కలు వేయించాలనుకుంటున్నాను. సంక్రాంతికి గుంటూరు వస్తున్నాను, అక్కడ మాకు మంచి టైలర్ ఉన్నాడు. ఇలా ఎవరైనా చేయించారా? ఉతకడం ముందా, కుట్టించడం ముందా?

పన్నియర్_ప్రియ (బెంగళూరు):
ముందు ఉతకండి. కుట్టాక గుడ్డ కుంచించుకుపోతే మళ్లీ మొదటికొస్తుంది.

నల్లబానెట్ (హైదరాబాద్):
రాణి గారూ, దయచేసి కత్తెర పెట్టించకండి. మీరు అడిగింది టైలరింగ్ సందేహమే అయినా ఇది అంతటితో అయిపోయేది కాదు.

ఇలాంటి డ్రెస్సులను లక్షల్లో కుట్టరు. ఒక డిజైను కొద్ది సంఖ్యలో వస్తుంది, అయిపోతుంది. కొన్నిటిని మళ్లీ వేస్తారు గానీ చాలావాటిని వేయరు. పదిహేనేళ్ల తర్వాత బయట మిగిలేవి చేతికి దొరికినన్నే. అందులో మరకలు పడినవి, లేసు చిరిగినవి, జిప్ పోయినవి తీసేయండి. మీ దగ్గరున్నది పసుపెక్కిన లేసు తప్ప ఏ లోపమూ లేనిది. పట్టీలు తీసేస్తే అది ఇక ఆ డ్రెస్సు కాదు. మళ్లీ అమ్మాలన్నా 'పట్టీలు లేవు, ఆల్టర్ చేసింది' అని రాయాలి. అలా రాసినవి నెలల తరబడి అలాగే పడి ఉంటాయి.

ఇంకొకటి. మన జాకెట్లకు టైలర్లు లోపల రెండు మూడు వరుసల కుట్లు వేసి గుడ్డ వదులుతారు, ఒళ్లు వస్తే ఒక కుట్టు విప్పుకుంటాం. ఈ డ్రెస్సుల్లో అంత గుడ్డ ఉండదు. ఓవర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా వేసే కుట్టు) వరకు కోసేసి ఉంటుంది. మీ టైలర్ విప్పాక అది గుర్తిస్తాడు. అప్పటికి ఆలస్యం అవుతుంది.

కుట్టుపని_కుమారి (న్యూజెర్సీ):
నల్లబానెట్ గారూ, గుడ్డ లేదు కాబట్టే పట్టీల గుడ్డ వాడతానంటున్నారు ఆవిడ. చదివి రాయండి.

రాణి గారూ, నేను ఇలాంటివి చాలా కుట్టాను, నాకూ ఇతరులకూ. మీ ఆలోచన సరైనదే. పట్టీల గుడ్డే ఎందుకు వాడాలంటే, పాత ఎరుపు కాలంతో పాటు వెలిసి ఒక రంగుకు వస్తుంది. దుకాణంలో కొత్త ఎరుపు ఎంత వెతికినా దానికి కలవదు. పట్టీలు డ్రెస్సుతో పాటే వెలిశాయి. పైగా జంపర్ స్కర్ట్ కింద బ్లౌజ్ వేసుకుంటారు కాబట్టి చంక కింది ముక్క చేయి ఎత్తితే తప్ప కనపడదు. ఒకటి మాత్రం మర్చిపోకండి. బ్లౌజ్ మందం కూడా కలుపుకుని కొలవాలి. మీ ఛాతీ 96 అంటే డ్రెస్సు కనీసం 100 ఉండాలి. రెండు పక్కలా ఆరేసి సెంటీమీటర్లు.

ఇది ఏదో అపచారం అన్నట్టు మాట్లాడుతున్నారు గానీ, గోథిక్ అండ్ లోలిటా బైబిల్ పత్రిక 2001లో మొదలై 2017 వరకు నడిచింది కదా, అందులో కుట్టుకునే ప్యాటర్న్లు ఇచ్చేవారు. కొన్నదాంతో పాటు కుట్టుకున్నదీ ఈ ఫ్యాషన్‌లో మొదటి నుంచీ ఉంది.

కొత్తగా_వచ్చా:
ఉప్పు, వెనిగర్ నీళ్లలో ఓ రాత్రి నానబెడితే రంగు దిగదు అక్కా. మా అమ్మ అలాగే చేస్తుంది.

లవంగం_లేసు (విశాఖ):
వద్దమ్మా, ఆ పని చేయకు. ఫ్యాక్టరీలో అద్దిన రంగుని ఉప్పూ వెనిగర్ పట్టి ఉంచలేవు. ఎరుపు మీద తెల్ల లేసు ఉంది, రాత్రంతా తడిలో ఉంచితే లేసు గులాబీ రంగుకు తిరుగుతుంది.

రాణి గారూ, ముందు లోపలి కుట్టు దగ్గర పరీక్షించండి. తెల్ల దూది తడిపి, ఒక చుక్క లిక్విడ్ సోప్ వేసి, అర నిమిషం అదిమి పట్టండి. దూదికి ఎరుపు అంటితే నీళ్లలో వేయకండి, మరక ఉన్న చోటే తడిపి తుడవండి. అంటకపోతే చల్లటి నీళ్లు, ఊలు బట్టలకు వాడే మెత్తటి లిక్విడ్, కొద్ది నిమిషాలు. పిండకండి, టవల్‌లో చుట్టి అదమండి. పరిచి నీడలో ఆరబెట్టండి. లేబుల్ మీద గాజు బుడ్డి బొమ్మకు అడ్డగీతలు ఉంటే క్లోరిన్ బ్లీచ్ వద్దని అర్థం. పసుపు పోవడానికి ఆక్సిజన్ బ్లీచ్ పనిచేస్తుంది గానీ అది వేడి నీళ్లు అడుగుతుంది, ఎరుపు కాటన్ మీద నేనైతే చేయను. ఆ పసుపు ఉంటే ఉండనివ్వండి.

నల్లబానెట్ (హైదరాబాద్):
కుమారి గారూ, నేను చదివే రాశాను. ఆ పట్టీలు కుట్టేసి ఉన్నాయా, బొత్తాలతో తగిలించినవా? కుట్టేసినవైతే అవి డ్రెస్సులో భాగం. వాటిని తీయడమంటే కొంగు తీసేసి చీర అనడమే. పత్రికలో ప్యాటర్న్లు ఇచ్చారంటే కొత్త గుడ్డ కొని కుట్టుకోమని ఇచ్చారు, బేబీ డ్రెస్సు కోయమని ఇవ్వలేదు.

రిబ్బన్_రాణి (సైతామా):
బొత్తాలతో తగిలించినవే. విడిగా వస్తాయి.

కుట్టుపని_కుమారి (న్యూజెర్సీ):
అయితే ఇక గొడవే లేదు. విడిగా వచ్చేవాటిని వాడుకుంటే డ్రెస్సుకు ఏ హానీ లేదు.

నల్లబానెట్ (హైదరాబాద్):
ఎలా లేదు? విడిగా వచ్చినంత మాత్రాన విడి వస్తువు కాదు. మెటామార్ఫోజ్ అనే ఇంకో జపాన్ బ్రాండ్ వాళ్లవి చాలావాటికి షిర్రింగ్ ఉంటుంది, అవి కొనుక్కోవచ్చు. చైనా బ్రాండ్లు కొన్ని కొలతలిస్తే కుట్టి పంపుతాయి. ఒంటికి పట్టని డ్రెస్సును తెచ్చుకుని కోయడం ఎందుకు? పట్టేది కొనుక్కుంటే సరిపోతుంది కదా.

పన్నియర్_ప్రియ (బెంగళూరు):
ఇది కొంచెం ఎక్కువైంది అక్కా.

కుట్టుపని_కుమారి (న్యూజెర్సీ):
ఇదే మాట నాకు ఇక్కడ ఒక టీ పార్టీలో మొహం మీద చెప్పారు. నా మొదటి బ్రాండ్ డ్రెస్సు అది, వెనక షిర్రింగ్ నేనే వేసుకున్నాను. ఒకావిడ పక్కకు పిలిచి "మీ సైజుకు చైనావే బావుంటాయి" అంది. అక్కడే బాత్రూంలో ఏడ్చి వచ్చాను. ఆ తర్వాత కుట్టుమిషన్ కొనుక్కున్నాను. జపాన్‌లో ఆ కాలంలో చాలా డ్రెస్సులు ఒకే సైజులో వచ్చేవి. ఆ ఒక్క కొలత చుట్టూ మా ఒళ్లు తగ్గించుకోవాలా? ఎవరి కోసం? మీరు కాపాడుతున్నది డ్రెస్సును కాదు, ఎవరు వేసుకోవాలో ఎవరు వేసుకోకూడదో ఆ గీతను కాపాడుతున్నారు.

నల్లబానెట్ (హైదరాబాద్):
నేను ఎవరి ఒంటి గురించీ అనలేదు. అలా వినిపిస్తే ఆ వాక్యం వెనక్కి తీసుకుంటాను, కానీ కోయొద్దన్న మాట వెనక్కి తీసుకోను.

మా నాయనమ్మ గద్వాల చీర ఒకటి ఉండేది. ఆవిడ పోయాక నాకే వస్తుందని ఇంట్లో అందరికీ తెలుసు. నేను హాస్టల్లో ఉండగా మా బాబాయి కూతురి ఓణీల ఫంక్షన్‌కు దాన్ని కోసి లంగా కుట్టించేశారు. "బీరువాలో పెట్టుకుని ఏం చేస్తావ్, పిల్ల కట్టుకుంటుంది కదా" అన్నారు. ఆ పిల్ల ఆ ఒక్క రోజే కట్టుకుంది. తర్వాత పొడవు చాలక పక్కన పడేశారు. లంగాకు పనికిరాని ముక్కలు నాకు ఒక కవర్లో పెట్టిచ్చారు. 'వాడుకుంటాం కదా' అనే మాట వినగానే నాకు ఆ కవరే గుర్తొస్తుంది.

కుట్టుపని_కుమారి (న్యూజెర్సీ):
అది వేరు. మీ చీరను అడగకుండా కోశారు. రాణి గారు సొంత డబ్బుతో కొన్నారు.

నల్లబానెట్ (హైదరాబాద్):
ఆవిడ కొనగలిగారు! అదే నేను చెప్పేది. అక్కడుండేవాళ్లు ఆదివారం షాపులోకి నడిచి వెళ్లి, వేసి చూసి, చీటీ చదివి కొంటారు. మేము ఫోటోల్లో చూసి, మా బదులు అక్కడ కొని పంపే ప్రాక్సీకి కమిషన్ కట్టి, మళ్లీ షిప్పింగ్ కట్టి, కస్టమ్స్ దగ్గర టెన్షన్ పడాలి. వాడిన బట్టల దిగుమతి మీద మన దేశంలో ఆంక్షలున్నాయి కాబట్టి పార్సెల్ బయటపడే వరకు నమ్మకం లేదు. ఆ ఎరుపు జంపర్ స్కర్ట్ కోసం నేను ఎప్పటి నుంచో చూస్తున్నాను. నాకు దొరకలేదు. దొరికినవాళ్లు దాన్ని కోస్తామంటుంటే చూస్తూ ఉండలేకపోయాను.

లవంగం_లేసు (విశాఖ):
ఇది ముందే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు కదమ్మా.

కుట్టుపని_కుమారి (న్యూజెర్సీ):
సరే, సూటిగా అడుగుతున్నాను. మీ దగ్గరున్న డ్రెస్సులు మీరు వేసుకుంటారా?

నల్లబానెట్ (హైదరాబాద్):
వేసుకోను. ఎక్కడికి వేసుకెళ్లను? మా అత్తగారింట్లో నేను నైట్ డ్రెస్సు వేసుకున్నా ఒక మాట అంటారు. మా ఆయన డ్యూటీలో ఉన్నప్పుడు తలుపేసుకుని బయటకు తీస్తాను. లేసు సరిచేస్తాను, మడత మార్చి మళ్లీ పెడతాను. అంతే. వేసుకునేవాళ్లకే దాని మీద హక్కుందంటే నాలాంటివాళ్లకు ఏమీ మిగలదు. నేను చేయగలిగింది దాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచడం ఒక్కటే.

కుట్టుపని_కుమారి (న్యూజెర్సీ):
అది నాకు తెలియదు. మీ హక్కు కాదనను. కానీ మీరు పెట్టెలో ఉంచినంత మాత్రాన అది ఉన్నట్టే ఉండదు. షిర్రింగ్‌లో ఎలాస్టిక్ రబ్బరు వేసుకున్నా వేసుకోకపోయినా కొన్నేళ్లకు సాగిపోతుంది. దాన్ని మార్చాలంటే కుట్లు విప్పాల్సిందే. మీరు అది కూడా వద్దంటారా?

నల్లబానెట్ (హైదరాబాద్):
ఎలాస్టిక్ మార్చడం మరమ్మత్తు. ఉన్న చోటే, అదే వెడల్పుది వేస్తాం. కొలత మార్చడం మరమ్మత్తు కాదు.

లవంగం_లేసు (విశాఖ):
ఎలాస్టిక్ మాటొచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఇక్కడ సముద్రపు తేమలో నాకు డ్రెస్సుల కంటే చెప్పులే ముందు పోయాయి. పాలీయురెథేన్ పూత ఉన్నవి తేమకు విరిగి జిగురై, పొరలు పొరలుగా ఊడిపోతాయి. వేసుకోకపోయినా ఊడిపోతాయి. ప్లాస్టిక్ కవర్లో బిగించి ఉంచితే లోపలి తేమ పోదు, ఇంకా త్వరగా పాడవుతాయి. కొన్నవాళ్లు షాపు కవర్లు తీసేసి, పాత తెల్ల కాటన్ గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పెట్టండి. నాఫ్తలీన్ ఉండలు వద్దు, ప్లాస్టిక్ బొత్తాలూ ముత్యాలూ మెత్తబడి అతుక్కుంటాయి. బరువైన స్కర్టులు హ్యాంగర్‌కు వేలాడదీస్తే నడుము దగ్గర సాగుతుంది, మడిచే పెట్టండి.

కొత్తగా_వచ్చా:
సిలికా జెల్ ఎంత కాలానికి మార్చాలి?

లవంగం_లేసు (విశాఖ):
రంగు మారే గింజలు కొను. రంగు మారాక పెనం మీద సన్నటి మంట మీద వేడి చేస్తే మళ్లీ పనికొస్తాయి. వానాకాలంలో మాత్రం తరచూ చూస్తుండాలి.

రిబ్బన్_రాణి (సైతామా):
అందరివీ చదివాను. దూది పరీక్ష చేశాను, లేత గులాబీ రంగు అంటింది. కాబట్టి నీళ్లలో వేయను.

నల్లబానెట్ గారూ, మీరు దాని కోసం చూస్తున్నారని తెలియదు. అయినా ఇది మీకు అమ్మను, నాకు వేసుకోవాలని ఉంది. ఇక్కడ నేను ఇల్లు దాటి వేసుకోగలుగుతున్నాను, ఆ అవకాశం ఎంత కాలం ఉంటుందో తెలియదు. మావారి కాంట్రాక్టు అయిపోతే నేనూ మీలాగే తలుపేసుకోవాలేమో. అందుకే ఇప్పుడే వేసుకుంటాను.

పట్టీలు మాత్రం కోయను. పక్క కుట్టు రెండు వైపులా విప్పి, నల్ల కాటన్ ముక్క పెట్టించి, దాని మీద తాడు అల్లుకునేలా రింగులు వేయిస్తాను. ఎరుపుకు ఎరుపు కలపాలనే సమస్య ఉండదు. డ్రెస్సు గుడ్డలో సెంటీమీటరు కూడా పోదు. ఎవరైనా తర్వాత ముక్క తీసేసి మళ్లీ మూసుకోవచ్చు.

కుట్టుపని_కుమారి (న్యూజెర్సీ):
జిప్ ఉన్న పక్కకు ఏం చేస్తారు? ముక్క పెడితే జిప్ ఎక్కడ కూర్చుంటుంది? జిప్‌ను ముక్కకూ వెనక భాగానికీ మధ్య పెట్టమని టైలర్‌కు గీసి చూపించండి, లేకపోతే ముందుకు వచ్చేస్తుంది. రింగులు కూడా కొత్త నల్ల గుడ్డలోనే వేయించండి, ఎరుపులో చిల్లు పడకూడదు.

నల్లబానెట్ (హైదరాబాద్):
కుట్టు విప్పిన చోట సూది రంధ్రాలు ఉండిపోతాయి. పాత కాటన్‌లో అవి మూసుకోవు, దగ్గరగా చూసేవాళ్లకు కనపడతాయి. 'మళ్లీ మూసుకోవచ్చు' అనకండి. ఇప్పటికీ నా మాట వద్దనే. చేయించేటట్టయితే మాత్రం విప్పక ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి, లోపలి కుట్లతో సహా. పట్టీలూ వాటి బొత్తాలూ ఒక గుడ్డ సంచిలో వేసి డ్రెస్సుతోనే ఉంచండి. తర్వాత ఎవరికిచ్చినా ఆ సంచి కూడా ఇవ్వండి.

రిబ్బన్_రాణి (సైతామా):
ఫోటోలు ఈ రాత్రే తీసి ఇక్కడే పెడతాను. జిప్ బొమ్మ కుమారి గారు గీసి పంపుతారా? మా టైలర్‌కు వాట్సాప్‌లో పెడతాను.