జ్వరం వచ్చినవాళ్లకి చలెందుకు? ఒళ్లు తనను తాను సర్దుకోవడం మీరెప్పుడు గమనించారు?

వెన్నెలవాకిలి:
మొన్న రాత్రి అమ్మకి జ్వరం. థర్మామీటర్‌లో 103 ఫారన్‌హీట్ ఉంది. అమ్మేమో పళ్లు టకటక కొట్టుకుంటుంటే "ఇంకో దుప్పటి కప్పవే" అంటోంది. ఒళ్లు కాలిపోతుంటే దుప్పటేంటని ఉన్నది కూడా తీసేసి, చల్లటి నీళ్లతో తుడిచాను. వణుకు రెట్టింపయింది. అరగంట తర్వాత చూస్తే 104. నేను చేసింది తప్పేమోనని అప్పటినుంచీ మనసు పీకుతూనే ఉంది.

వేడి, నీరు, ఉప్పు, చక్కెర ఎంతెంత ఉండాలో ఒళ్లే చూసుకుంటుందని బళ్లో చదువుకున్నాం. ఆ పట్టు తప్పినప్పుడు మీకు ఎలా ఉండింది? అప్పుడు ఏం తెలుసుకున్నారు? రాయండి, నాలాంటివాళ్లకి పనికొస్తుంది.

రాత్రిడ్యూటీ:
బాధపడకండి అమ్మా, అందరూ చేసే పనే అది. నేను నర్సుని. వార్డులో చాలామంది బంధువులు ఇలా దుప్పటి లాగేస్తుంటే ఆపుతూ ఉంటాను.

మెదడు అడుగున హైపోథాలమస్ అని చిన్న భాగం ఉంది. ఒంటి వేడి ఎంత ఉండాలో నిర్ణయించేది అదే, మామూలుగా 37 సెల్సియస్ దగ్గర, అంటే 98.6 ఫారన్‌హీట్. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థం తయారై ఆ లెక్కను పైకి జరుపుతుంది, 39.5 అనుకోండి. ఒళ్లు ఇంకా 38లోనే ఉంటే మెదడు లెక్కలో అది చల్లబడిపోయిన ఒళ్లు. అందుకే చర్మంలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, చేతులు చల్లగా అవుతాయి, కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. ఆ సమయంలో చల్లటి నీళ్లు పోస్తే ఇంకా గట్టిగా వణుకుతుంది. పారాసిటమాల్ ఆ ప్రోస్టాగ్లాండిన్ తయారవ్వడాన్ని తగ్గిస్తుంది, లెక్క కిందికి దిగుతుంది. అప్పుడు ఉన్న వేడి ఎక్కువని తెలిసి చెమట పడుతుంది. వణుకుతున్నంతసేపు పల్చటి దుప్పటి కప్పండి, చెమట మొదలయ్యాక తీసేయండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. వడదెబ్బ ఇలాంటిది కాదు. అక్కడ మెదడు లెక్క 37లోనే ఉంటుంది, వేడిని బయటికి పంపడం ఒంటికి చేతకాకుండా పోతుంది. పారాసిటమాల్ అక్కడ పని చేయదు. నీళ్లు, ఐసు, గాలి, ఏది దొరికితే దానితో వెంటనే చల్లబరచాలి.

ఎండపని:
పైన చెప్పింది మా కళ్లముందే జరిగింది. నాది ఆరుబయట కట్టడాల పని. మాతో కొత్తగా చేరినతను నాలుగో రోజు మధ్యాహ్నం పొంతన లేకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఒళ్లంతా చెమటతో తడిసి ఉంది. చెమట ఉందంటే వడదెబ్బ కాదులే అనుకున్నాం. అక్కడే పొరపాటు పడ్డాం. పని చేస్తూ తగిలే వడదెబ్బలో చెమట ఉండొచ్చట, మాట తడబడటమే అసలు గుర్తట. ఆసుపత్రిలో చూస్తే ఒంటి వేడి 40 దాటింది. దేవుడి దయవల్ల బతికాడు.

నా సంగతి చెప్తాను. ఏటా ఎండలు మొదలైన మొదటి వారం తల తిరుగుతుంది, చొక్కా మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తాయి. పది, పన్నెండు రోజులయ్యేసరికి ఆ చారలు పల్చబడతాయి. చెమట ముందుకన్నా తొందరగా మొదలవుతుంది, ఎక్కువ పడుతుంది, కానీ అందులో ఉప్పు తక్కువ. ఒళ్లు ఉప్పుని దాచుకోవడం నేర్చుకుంటుందన్నమాట. నెల రోజులు సెలవు మీద వెళ్లి వస్తే మళ్లీ మొదటికే. అందుకే కొత్తవాళ్లకి మొదటి రోజే పూర్తి పని ఇవ్వకూడదని నేను పోట్లాడుతుంటాను.

ఇంకోటి, ఉక్కపోత రోజుల్లో చెమట కారుతుందే గానీ ఆరదు. ఆరితేనే వేడి పోతుంది. కారిపోయిన చెమట వల్ల నీళ్లు, ఉప్పు నష్టమే తప్ప చల్లదనం రాదు.

పరుగుబాట:
నీళ్ల మాట వచ్చింది కాబట్టి నా అనుభవం. 42 కిలోమీటర్ల పరుగులో ఎక్కడ నీళ్లు ఇచ్చినా తాగాను, దాహం లేకపోయినా. చివరికి తలనొప్పి, వాంతి, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయింది. డీహైడ్రేషన్ అనుకుని ఇంకా తాగబోయాను. తూకం చూస్తే మొదలుపెట్టినప్పటికన్నా కిలోన్నర పెరిగాను! నీళ్లు ఎక్కువై రక్తంలో ఉప్పు పల్చబడింది, పరీక్షలో సోడియం 126. ఉండాల్సింది 135 నుంచి 145. నీళ్లు ఆపేసి చిక్కటి సెలైన్ (ఉప్పునీళ్లు) కొద్దికొద్దిగా ఎక్కించారు. ఎక్కువైన నీటిని మామూలుగా కిడ్నీలు బయటికి పంపేస్తాయి, కానీ గంటల తరబడి శ్రమలో ఉన్నప్పుడు నీటిని పట్టి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోన్ ఆగకుండా విడుదలవుతూ ఉంటుందని డాక్టరు చెప్పారు. ఇప్పుడు దాహం వేస్తేనే తాగుతున్నాను.

వెన్నెలవాకిలి:
అమ్మకి అసలు దాహమే వేయదంటుంది. మరి తనూ దాహం వేసేదాకా ఆగొచ్చా?

రాత్రిడ్యూటీ:
వద్దు. పరుగుబాట గారు చెప్పింది పరుగెత్తే వయసువాళ్లకి. పెద్దవయసులో దాహం మొద్దుబారుతుంది, రక్తం చిక్కబడుతున్నా నోరు ఎండినట్టు తెలియదు. మీరే గుర్తుచేసి కొద్దికొద్దిగా ఇవ్వండి. గుండె, కిడ్నీ జబ్బులుంటే మాత్రం ఎంత ఇవ్వాలో డాక్టర్ని అడగాలి.

తీపిచేదు:
నాకు 12 ఏళ్లప్పుడు టైప్ 1 డయాబెటిస్ వచ్చింది, ఇప్పుడు 31. మీ ఒంట్లో తనంతట తను జరిగే పని నేను రోజూ చేత్తో చేస్తాను, అందుకే ఈ విషయం నాకు చాలా దగ్గరిది.

పెద్దమనిషి రక్తం మొత్తంలో ఉండే చక్కెర సుమారు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను. ఒక్క పూట భోజనం దానికి ఎన్నో రెట్లు తెచ్చి పోస్తుంది. అయినా మీకు ఆ టీస్పూను పెద్దగా మారదు. ఎక్కువైతే ఇన్సులిన్ తగ్గిస్తుంది, తక్కువైతే గ్లూకగాన్ అనే హార్మోన్ పెంచుతుంది, కాలేయంలో నిల్వ ఉంటుంది. ఇవన్నీ నిద్రలో కూడా నడుస్తుంటాయి. నాకు ఇన్సులిన్ లేదు. టైప్ 1లో కొన్నేళ్లకి చక్కెర పడిపోతున్నా గ్లూకగాన్ కూడా సరిగా రాదు. మిగిలింది అడ్రినలిన్, అది తెచ్చే వణుకు, చెమట, గుండెదడ. అదే నా అలారం.

అయితే ఆ అలారం కూడా ఆగిపోతుందని నాకు తెలియదు. రీడింగులు బాగుండాలన్న పట్టుదలతో ఒక ఏడాది అంతా చక్కెరని చాలా తక్కువలో ఉంచాను. వారానికి మూడు నాలుగుసార్లు 70 కిందికి పోయేది. రాను రాను వణుకు రావడం మానేసింది. ఒకరోజు ఆఫీసులో మాట్లాడుతూ మాట్లాడుతూ మాట ఆగిపోయిందట, నాకు గుర్తే లేదు. మీటర్‌లో 38. తరచూ చక్కెర పడిపోతుంటే మెదడు దానికి అలవాటుపడి హెచ్చరించడం తగ్గిస్తుందట. డాక్టరమ్మ నా టార్గెట్‌ని కొంచెం పైకి జరిపి, కొన్ని వారాలపాటు ఒక్కసారి కూడా పడిపోకుండా చూసుకోమన్నారు. ఆరో వారంలో ఒక మధ్యాహ్నం చేతులు వణికాయి. చూస్తే 66. ఆ వణుకు తిరిగొచ్చిందని ఏడ్చేశాను.

నిమ్మచెట్టు:
నాకు షుగర్ లేదు, కానీ ఆకలేస్తే చేతులు వణుకుతాయి. ఇదీ అదేనా?

తీపిచేదు:
వణికినప్పుడే టెస్ట్ చేసి చూడాలండీ. చాలామందికి అప్పుడు చక్కెర మామూలుగానే ఉంటుంది, కారణం వేరే అవుతుంది. తరచూ వస్తుంటే డాక్టరుకి చూపించండి.

గొంతుగీత:
నాకు థైరాయిడ్ ఆపరేషన్ అయిన రెండో రోజు పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్లలో సూదులు గుచ్చినట్టు. థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసేవి అవే. ఆపరేషన్‌లో అవి కదిలి కొన్నాళ్లు మూగబోయాయి. కాల్షియం ఎక్కించగానే గంటలో తిమ్మిరి పోయింది. మూడు నెలల తర్వాత మాత్రలు అక్కర్లేకుండా పోయింది.

ఊపిరితీగ:
అచ్చం ఇదే తిమ్మిరి నాకూ వచ్చింది, కానీ ఆపరేషన్ ఏమీ లేదు. నాలుగేళ్ల కిందట, ఇంట్లో ఒకరు చనిపోయిన వారంలో, ఒక రాత్రి టెన్షన్‌తో ఊపిరి ఆడనట్టయింది, గబగబా పీల్చాను. పెదాలు మొద్దుబారాయి, వేళ్లు కొంకర్లు పోయాయి. పక్షవాతం అనుకున్నాం. ఆసుపత్రిలో కాల్షియం 9.4, మామూలే అన్నారు. గొంతుగీత గారిది చదివాక, నాకూ లోపల కాల్షియం తక్కువేనేమో, మాత్రలు వేసుకోనా అనిపిస్తోంది.

రాత్రిడ్యూటీ:
మాత్రలు వద్దండీ. మీ ఇద్దరి తిమ్మిరికీ మూలం ఒకటే, దారి వేరు.

రక్తంలో కాల్షియం దాదాపు సగం ప్రోటీన్లకి అంటుకుని ఉంటుంది, మిగతాది చాలావరకు విడిగా తిరుగుతుంది. నరాలకి పనికొచ్చేది విడిగా ఉన్నదే. మీరు గబగబా ఊపిరి వదిలినప్పుడు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోయింది. దాంతో రక్తంలో ఆమ్లం తగ్గి పీహెచ్ పైకి పోయింది. ఉండాల్సింది 7.35 నుంచి 7.45, చాలా ఇరుకైన గీత. అలా జరిగినప్పుడు ప్రోటీన్లు ఇంకొంత కాల్షియాన్ని లాక్కుంటాయి. మొత్తం అంతే ఉంటుంది, విడిగా ఉన్నది తగ్గుతుంది, నరాలు చికాకు పడతాయి. ఊపిరి నెమ్మదించగానే అన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. గొంతుగీత గారికి నిజంగానే కాల్షియం తగ్గింది, ఎక్కించాల్సి వచ్చింది.

కాగితం సంచిలో ఊపిరి పీల్చమని కొందరు చెప్తారు. దయచేసి అలా చేయకండి. అది గుండెపోటో, ఆస్తమానో అయితే ఉన్న ఆక్సిజన్ కూడా తగ్గిపోతుంది.

ఊపిరితీగ:
నాలుగేళ్ల భయం తీరిందండీ. ధన్యవాదాలు.

నల్లబల్ల:
నేను జీవశాస్త్రం చెప్తాను. ఒళ్లు ఇలా తనను తాను సర్దుకోవడానికి 1926లో వాల్టర్ కానన్ అనే అమెరికా శరీరశాస్త్రవేత్త హోమియోస్టాసిస్ అని పేరు పెట్టారు. గ్రీకులో "హోమో" అంటే ఒకటే, "హోమియో" అంటే ఒకేలాంటిది. ఆయన కావాలనే రెండోది తీసుకున్నారు, ఎందుకంటే ఒంట్లో ఏదీ ఒక్క అంకె దగ్గర కదలకుండా నిలబడదు, హద్దుల మధ్య ఊగుతుంది. పిల్లలకి నేను "స్థిరంగా ఉండటం" అని చెప్పేదాన్ని. ఇక్కడివన్నీ చదివాక "సర్దుకుంటూ ఉండటం" అని చెప్పాలనుకుంటున్నాను.

వారంలోమూడు:
నాన్నకి డయాలసిస్. కిడ్నీలు రోజుకి సుమారు 180 లీటర్లు వడపోసి దాదాపు అంతా వెనక్కి తీసుకుంటాయట, బయటికి వచ్చేది లీటరున్నర. ఆ పనికి బదులు యంత్రం వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. రెండు రోజుల ఎడం వచ్చినప్పుడు భయం. ఒకసారి కాళ్లలో సత్తువ లేదన్నారు, అలసటేమో అనుకున్నాం. చూస్తే రక్తంలో పొటాషియం బాగా పెరిగి 6.8 ఉంది, గుండె ఈసీజీ మారిపోయింది. మీ ఇంట్లో డయాలసిస్ వాళ్లుంటే నీరసాన్ని తేలిగ్గా తీసుకోకండి.

వెన్నెలవాకిలి:
అమ్మకి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని తేలింది, యాంటీబయాటిక్ మొదలైంది. నిన్న రాత్రి మళ్లీ వణుకు వస్తే ఈసారి దుప్పటి కప్పి, మాత్ర వేసి, చేయి పట్టుకుని కూర్చున్నాను. గంటన్నరకి చెమట పట్టింది, దుప్పటి తనే తోసేసింది. ఈరోజు పొద్దున 36.3 సెల్సియస్, సాయంత్రం 37.1. మళ్లీ పెరుగుతోందా?

రాత్రిడ్యూటీ:
లేదమ్మా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ తెల్లవారుజామున తక్కువ, సాయంత్రం ఎక్కువ, అరడిగ్రీ పైనే తేడా ఉంటుంది. కోర్సు పూర్తయ్యేదాకా మందు ఆపకండి. వణుకు మళ్లీ వచ్చినా, మాటలో తేడా కనిపించినా ఆగకుండా తీసుకెళ్లండి.