ఆటల పోటీలతో ఊరికి పేరు నిలుస్తుందా?

ప్రశ్న (సాగర్ గట్టు):
2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ (ఎలక్ట్రిక్ కార్ల) రేసు గ్యాలరీలో కూర్చుని చూశాను. మన నెక్లెస్ రోడ్డు వైపు ప్రపంచమంతా చూస్తోందని ఒళ్ళు పులకరించింది. మరుసటి ఏడాది రేసే రద్దయింది. ఇప్పుడు మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ఆ సంగతే తెలీదు! ఇలాంటి వాటితో పేరు నిలుస్తుందంటారా?

పాత వాలంటీర్:
అన్నా, 2003ల మన దగ్గర జరిగిన ఆఫ్రో ఏషియన్ గేమ్స్‌ల, అంటే ఆఫ్రికా, ఆసియా దేశాల ఆటల పోటీలల్ల, నేను వాలంటీర్‌ను. అప్పుడు డిగ్రీ చదువుతున్న. మెహదీపట్నంల బస్సెక్కి గచ్చిబౌలిల దిగితే స్టేడియం, దాని చుట్టూ బండలు. "గంత దూరం ఎవరొస్తరు బిడ్డా" అని మా నాయిన నవ్విండు. హాకీ ఫైనల్ల పాకిస్తాన్‌ను కొట్టిన రాత్రి గొంతు పోయేదాక అరిచినం. ఆ గేమ్స్ మళ్ళ ఏ ఊర్లనూ జరగలే. ఇప్పుడు ఎవరిని అడిగినా "అవేం గేమ్స్?" అంటరు.

కానీ ఆ పక్కనే, 2002 జాతీయ క్రీడలకు కట్టిన ఇండోర్ హాలు ఉన్నది గద. 2009ల ప్రపంచ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ దాంట్లనే. దాడులు జరుగుతయని భయపడి ఇంగ్లండ్ జట్టు ఆడకుండనే పోయింది. ఇగ ఊరి పరువు పోయిందనుకున్న. పోలే. సైనా క్వార్టర్ ఫైనల్‌కు వచ్చింది, హాలు మోత మోగింది. గోపీచంద్ అకాడమీ అప్పటికే గచ్చిబౌలిల నడుస్తున్నది. 2019ల సింధు ప్రపంచ చాంపియన్ అయింది బాసెల్‌లనే, అయినా పేరు మన ఊరికొచ్చింది. ఇప్పుడు మా బిడ్డను చీకటితోనే కోర్టుకు దింపొస్తున్న. అక్కడ వేరే రాష్ట్రాల బండ్లు ఎన్ని ఉంటయో! ఇల్లు కిరాయికి తీసుకొని మరీ పిల్లల్ని ఆడిపిస్తున్నరు. రేసు అయిపోయినంక ట్రాక్ మీద ఎవరేం నేర్చుకుంటరు, చెప్పు?

విశాఖ కుర్రోడు:
మా వైజాగ్‌కి పేరు ఒక్క మధ్యాహ్నంలో వచ్చేసిందండీ. 2005 ఏప్రిల్ 5, పాకిస్తాన్ మీద ధోనీ 148. మావోళ్ళు ఇప్పటికీ "మా ఊళ్ళోనే పుట్టాడు ధోనీ" అంటారు.

సాగర్ గట్టు:
వాలంటీర్ గారూ, ఆటగాళ్ళు ఉండటానికి కట్టిన గచ్చిబౌలి స్పోర్ట్స్ విలేజ్ టవర్‌ని 2020లో కోవిడ్ ఆసుపత్రి చేశారు కదా, అది కూడా లెక్కలోకి వస్తుందా?

పాత వాలంటీర్:
వస్తది అన్నా. మా మేనమామను అక్కడ్నే చేర్చినం. కిందికెళ్ళి మెడ ఎత్తి చూస్తుంటే, ఆ గేమ్స్‌ల మెడల ఐడీ కార్డేసుకొని తిరిగిన రోజులు యాదికొచ్చినయ్. ఆ కార్డు ఇప్పటికీ ఉన్నది. టీషర్టునే మా అమ్మ స్కూటర్ తుడిచే బట్ట చేసింది.