డ్రిబ్లింగ్ మానేయమని చెప్పాలా?

ప్రశ్న (నల్లగొండ): మా వాడికి 12 ఏళ్లు. ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో నడుపుకుంటూ (డ్రిబ్లింగ్) ముగ్గురిని దాటేస్తాడు, నాలుగోవాడి దగ్గర బంతి పోగొట్టుకుంటాడు. కోచ్ మొన్న బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆట అయ్యేదాకా బూటు లేసు విప్పుతూ కడుతూ ఉన్నాడు. ఏం చేయమంటారు?

జవాబు (మహబూబ్‌నగర్): మాన్పించకండి. బార్సిలోనా ఫుట్‌బాల్ క్లబ్బు వారి పిల్లల శిక్షణ కేంద్రం లా మాసియాలో రోండో అనే ఆట ఆడిస్తారు. చుట్టూ నిలబడ్డవాళ్లు బంతి అందించుకుంటుంటే మధ్యలో ఒకరిద్దరు లాక్కోవాలి. బంతి రాకముందే తల తిప్పి చూడటం అలవాటవుతుంది. స్పెయిన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఇనియెస్టా కూడా 12 ఏళ్లకే అక్కడ చేరాడు. నలుగురు పిల్లలు, హద్దులకు నాలుగు చెప్పులు చాలు.

మరో జవాబు: మన గోల్ ముందు పాస్, అవతలి గోల్ దగ్గర వాడిష్టం. మా పిల్లలకు ఇదొక్కటే నియమం.

ప్రశ్న అడిగినవారు: నిన్న ఆడించానండీ. తల ఎత్తుతున్నాడు. ఒక చెప్పు మాత్రం కుక్క ఎత్తుకుపోయింది.