మెడ టప్‌మనిపించుకుంటే నొప్పి నిజంగా పోతుందా?

ప్రశ్న అడిగింది: లాగుడుమెడ

నమస్తే అండీ. రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే ఉద్యోగం. కొన్ని నెలలుగా మెడ వెనక, కుడి భుజం రెక్క లోపలి అంచు దగ్గర ఒకటే లాగుడు, సాయంత్రం అయ్యేసరికి నడుం కూడా పట్టేస్తోంది. ఎక్స్‌రే తీస్తే మెడ వంపు తగ్గింది, కొద్దిగా అరుగుదల ఉంది అని రాశారు, అది చదివిన దగ్గర్నుంచీ ఇంకో టెన్షన్. ఇంట్లోవాళ్లు కైరోప్రాక్టర్ (చేత్తో వెన్నుపూసలు నొక్కి, తిప్పి వైద్యం చేసేవాళ్లు) దగ్గరికి వెళ్లమంటున్నారు. వీడియోల్లో చూస్తే మెడ ఒక్క విసురున తిప్పడం, టపటపా చప్పుడు రావడం, పడుకున్నాయన లేచి నవ్వడం... బాగానే ఉంది గానీ నా మెడ అలా ఇంకొకరి చేతుల్లో పెట్టాలంటే భయమేస్తోంది. నిజంగా పూస జరిగి మళ్లీ చోటికి వస్తుందా? పోనీ నిటారుగా కూర్చుంటే సరిపోతుందా అంటే, అలా కూర్చున్న అరగంటకే వీపు ఇంకా మండుతోంది.

జవాబు: వెన్నుపూస33

ఫిజియోథెరపీ చేస్తాను కాబట్టి నా మాటలో కొంచెం పక్షపాతం ఉండొచ్చు, చూసుకోండి.

ముందు ఆ చప్పుడు సంగతి. పూస జరగలేదు, చోటికి రాలేదు. మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడే ఇదీ: కీలును ఒక్కసారిగా సాగదీస్తే లోపలి ద్రవంలో ఒత్తిడి పడిపోయి గ్యాస్ బుడగలాంటి ఖాళీ ఏర్పడుతుంది. 2015లో కెనడాలో వేళ్లను ఎంఆర్ఐలో పెట్టి లాగి మరీ దీన్ని చూశారు. పూస పక్కకు జరిగితేనే జబ్బులన్నీ వస్తాయన్న మాట 1895లో అమెరికాలో ఈ వైద్యం మొదలుపెట్టిన డి.డి. పామర్ కాలం నాటిది. ఇప్పుడు ఆ వృత్తిలో ఉన్నవాళ్లే చాలామంది దాన్ని పక్కన పెట్టేశారు.

అలాగని ఉపశమనం అబద్ధం కాదు. బిగుసుకున్న కండరం కాసేపు వదులవుతుంది, నొప్పి తగ్గినట్టు నిజంగానే ఉంటుంది. నడుం నొప్పికి చేత్తో చేసే ఈ వైద్యాన్ని ఒక దారిగా మార్గదర్శకాలు కూడా ఒప్పుకుంటాయి, కానీ బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ 2016లో చెప్పింది చూడండి: వ్యాయామంతో కలిపి అయితేనే, విడిగా వద్దు.

మెడ మాత్రం వేరే లెక్క. మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనుల్లో రెండు మెడ పూసల గుండానే వెళ్తాయి. విసురుగా మెలితిప్పితే అలాంటి ధమని లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు ఉన్నాయి. చాలా అరుదు, నిజమే. కానీ మెల్లగా చేసే పద్ధతులతో పని జరుగుతున్నప్పుడు నేనైతే ఆ అరుదైనది కూడా ఎందుకు అంటాను. వెళ్తే, మెడ విసరొద్దని ముందే గట్టిగా చెప్పండి. కాదంటే లేచి వచ్చేయండి.

ఎక్స్‌రే గురించి: వంపు తగ్గడం నొప్పి లేనివాళ్లలోనూ బోలెడంత కనిపిస్తుంది. అసలు నొప్పే లేనివాళ్ల స్కాన్లన్నీ కలిపి 2015లో ఒక సమీక్ష చేస్తే, ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల ఉంది, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం. తల నెరిస్తే జబ్బంటామా? ఇదీ అంతే.

జవాబు: నడుంబాధితుడు

నేను నడుం కోసం వెళ్లాను. ఎక్కడో చెప్పను. చేయించుకున్న రోజు హాయిగా ఉండేది, మర్నాటికి మళ్లీ మామూలే. నాకు మండింది వేరే విషయంలో, మొదటి రోజే నెలల తరబడి సిట్టింగ్‌ల ప్యాకేజీ ముందు పెట్టి, ఇప్పుడు ఆపితే వెన్ను పాడైపోతుందని భయపెట్టారు. అలా బెదిరించేవాళ్ల దగ్గర ఆగకండి. నాలుగు వ్యాయామాలు నేర్పి, బాగైతే ఇక రావక్కర్లేదు అనేవాళ్లయితే ఏ పేరుతో పిలిచినా ఫర్వాలేదు.

జవాబు: కుర్చీజీవి

నిటారు గోల వదిలేయండి బాబూ. కర్రలా కూర్చోవడం కూడా ఒక శిక్షే. ఎంత మంచి భంగిమైనా గంటలకొద్దీ అలాగే ఉంటే నొప్పి తప్పదు, మారుస్తూ ఉండటమే అసలు మందు. వెనక్కి వాలండి, కాసేపు ముందుకు వంగండి, ఫోన్ వస్తే లేచి నడుస్తూ మాట్లాడండి.

అసలు దొంగ ల్యాప్‌టాప్. తెరా కీబోర్డూ అతుక్కుని ఉంటాయి కదా, చేతులకు సరిపోతే తల కిందికి వాలుతుంది, కళ్లకు సరిపోతే భుజాలు పైకి లేస్తాయి. తల దాదాపు ఐదు కిలోలు, అది ముందుకు వేలాడితే వెనక కండరాలు పొద్దస్తమానం పట్టుకుని లాగాలి, మీ భుజం రెక్క దగ్గరి లాగుడు బహుశా అదే. నాలుగు లావు పుస్తకాలు పెట్టి తెర పై అంచు కళ్ల ఎత్తుకు తెచ్చుకోండి, విడి కీబోర్డు, మౌస్ కొనండి. మౌస్ దూరంగా పెట్టి చెయ్యి చాచి పనిచేస్తున్నారేమో కూడా చూసుకోండి, నొప్పి కుడి పక్కనే ఎందుకో తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగింది: లాగుడుమెడ

మౌస్ నిజంగానే మూలకి ఉంది! ల్యాప్‌టాప్ పక్కనే కాగితాల కట్ట ఉంటుంది మరి. ఇంకోటి, అప్పుడప్పుడు కుడి చేతి బొటనవేలు తిమ్మిరెక్కుతోంది. ఇది కూడా కూర్చోవడం వల్లేనా?

జవాబు: వెన్నుపూస33

ఇది ముందే చెప్పాల్సిందండీ. మెడ దగ్గర నరం ఒత్తుకున్నా బొటనవేలు తిమ్మిరెక్కుతుంది, మణికట్టు దగ్గర ఒత్తుకున్నా ఎక్కుతుంది. ఎక్కడన్నది చూసి పరీక్షిస్తేనే తేలుతుంది. డాక్టర్‌కి చూపించేదాకా మెడ ఎవరిచేతా తిప్పించుకోకండి. ఈలోగా చేతిలో పట్టు తగ్గినా, వస్తువులు జారిపోతున్నా, నడకలో తూలినా ఆగకుండా వెళ్లండి. నడుం నొప్పితో పాటు మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా అయితే అదే రోజు ఆసుపత్రికి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కిందపడి దెబ్బ తగలడం, ఇవి ఉన్నా మాలిష్‌లూ టపటపలూ వద్దు.

అవేవీ లేకపోతే గడ్డం లోపలికి లాక్కుని ఐదు క్షణాలు ఆపి వదిలేయడం రోజులో చాలాసార్లు చేయండి, భుజం రెక్కలు వెనక్కి దగ్గరకు నొక్కండి, నడవండి. తిమ్మిరి పెరిగితే ఆపేయండి. డాక్టర్‌కి చూపించాక ఏమన్నారో ఇక్కడ రాయండి.