కీ తిప్పితే టిక్ టిక్ అంటోంది, స్టార్ట్ అవ్వట్లేదు

ప్రశ్న: అన్నా, పెట్రోల్ కారు, డాష్‌లో లైట్లన్నీ వెలుగుతున్నాయి గానీ ఇంజిన్ తిరగట్లేదు. మెకానిక్ స్టార్టర్ మోటార్ మార్చాలంటున్నాడు, నిజమేనా?

రిప్లై: ఆగు తమ్ముడూ, మోటార్ జోలికి అప్పుడే పోకు. టకటకా వరసగా సౌండొస్తే చాలావరకు బ్యాటరీ వీకో టెర్మినల్ (బ్యాటరీకి వైరు క్లాంపు బిగించే చోటు) లూజో అయ్యుంటది. బానెట్ ఎత్తి చూడు, టెర్మినల్స్ మీద తెల్లగా పచ్చగా పొడి పట్టుంటే ముందు నెగటివ్ వైరు ఊడదీసి తర్వాత పాజిటివ్ తీసి, వేణ్నీళ్ళలో వంటసోడా కలిపి పాత బ్రష్‌తో రుద్దు, ఆరాక పాజిటివ్ ముందు బిగించు.

రిప్లై: మల్టీమీటర్ (వోల్టేజ్ కొలిచే మీటర్) ఉంటే బ్యాటరీకి పెట్టు బ్రో. రాత్రంతా ఆగిన బండికి 12.6 వోల్టులు ఉండాలి, 12 కన్నా తగ్గితే ఛార్జ్ లేనట్టే. ఇంజిన్ ఆన్‌లో 14 దగ్గర చూపించకపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసేది) మెకానిక్‌కి చూపించు.

ప్రశ్న అడిగినోణ్ణే: నెగటివ్ క్లాంపు చేత్తో పట్టుకుంటేనే కదిలిపోతోంది అన్నా! స్పానర్‌తో బిగించా, ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అయింది 🙏