కరిగిన ఉప్పులో ప్లుటోనియం: కాడ్మియం దగ్గర ఆగిపోయాను, కాస్త చెప్పరా?

నమస్కారమండి. మాది ఒడిశాలోని బరంపురం, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. పక్కనే ఉన్న ఛత్రపూర్ ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం, అందులో అణు ఇంధనానికి పనికొచ్చే థోరియం ఉన్నాయని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. అందుకే సెమినార్‌కి అణు ఇంధనం అంశమే తీసుకున్నాను: వాడేసిన ఇంధనం నుంచి యురేనియం, ప్లుటోనియంలను కరిగిన ఉప్పులో కరెంటుతో వేరుచేయడం.

నాకు అర్థమైనంత వరకు, వాడేసిన లోహ ఇంధనాన్ని ముక్కలు చేసి, బుట్టలో వేసి, కరిగిన ఉప్పులో ఆనోడ్‌గా (ధన ధ్రువంగా) పెడతారు. ఆ ఉప్పులో ఉండేవి రెండు: లిథియం క్లోరైడ్ 605 డిగ్రీల సెల్సియస్ దగ్గర, పొటాషియం క్లోరైడ్ 770 దగ్గర కరుగుతాయి. కానీ తగిన పాళ్లలో కలిపితే సుమారు 350 డిగ్రీలకే కరిగిపోతాయి! పని మాత్రం 500 దగ్గర జరుగుతుంది. కరెంటు పంపితే యురేనియం ఉప్పులోకి దిగి, స్టీల్ కాథోడ్ (రుణ ధ్రువం) మీద కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. ఇంధనం మండగా పుట్టిన సీసియం, స్ట్రాన్షియం ఉప్పులోనే మిగులుతాయి.

ప్లుటోనియం స్టీల్ మీద ఎందుకు నిలవదో తెలిసింది. దాని క్లోరైడ్ యురేనియం క్లోరైడ్ కన్నా స్థిరమైనది కాబట్టి మళ్లీ ఉప్పులోకే పోతుంది. స్టీల్ బదులు ద్రవ కాడ్మియాన్ని కాథోడ్‌గా పెడితే, అందులో మిశ్రమలోహంగా కలిసి ఉండిపోతుంది. అయితే వాడేసిన ఇంధనంలో ఉండే నియోడిమియం లాంటి లాంథనైడ్లు (అరుదైన మృత్తిక లోహాలు) కూడా కొంత వెంట వచ్చేస్తాయట. కాడ్మియం బదులు అల్యూమినియం కాథోడ్ పెడితే ప్లుటోనియం, లాంథనైడ్లు బాగా విడిపోతాయని చదివాను. ఎందుకు? నా టెన్షన్ అంతా అక్కడే.

కల్పాక్కం అణు పరిశోధన కేంద్రంలో గానీ, మరెక్కడైనా గానీ ఈ పని చేసినవారు ఉంటే దయచేసి వివరించండి. ఇక్కడ పాఠాలు ఇంగ్లిష్‌లో, మాటలు ఒడియాలో సాగుతాయి. తెలుగులో చెప్తే నాకు త్వరగా బుర్రకెక్కుతుంది.